పుట్టికి ఒకటి తక్కువ

పంతొమ్మిది ఒకట్లు పక్కపక్కన రాయండి. 1111111111111111111. మధ్యలో కామాలు పెట్టకండి, పెడితే దాని మొహం మారిపోతుంది. చదవాలంటే ఇలా చదవాలి: పదకొండు వేల నూటపదకొండు కోటి కోట్ల, పదకొండు లక్షల పదకొండు వేల నూటపదకొండు కోట్ల, పదకొండు లక్షల పదకొండు వేల నూటపదకొండు. ఒక్క ఊపిరిలో చదవగలిగితే మీ ఆరోగ్యం బాగున్నట్టే.

ఈ సంఖ్యను దేనితో భాగించినా తెగదు. ఒకటితో తెగుతుంది, తనతో తాను తెగుతుంది, అంతే. మరే సంఖ్య వచ్చి నిలబడినా ఎంతో కొంత మిగులుతుంది. దీనితో నాకు ఇరవై ఏళ్ళకు పైగా పరిచయం. ఇంత కాలంగా నాతో పరిచయం నిలుపుకున్న మనుషులు మా ఊళ్ళో తక్కువే.

మా బళ్ళో సైన్సు చెప్పే సారు ఒకరోజు నా నోటుబుక్కు చూసి, "ఫోనుకిస్తే రెండు సెకన్లలో చెప్పేస్తుంది కదా మేడమ్, ఇన్ని కాగితాలు ఎందుకు పాడుచేస్తున్నారు" అన్నాడు. రామకోటి రాసుకునేవాళ్ళను కూడా జిరాక్సు తీయించుకోమంటాడేమో ఈయన. నేనేమీ అనలేదు. నా నోటికి భయపడి స్టాఫ్ రూములో నా పక్కన కుర్చీ ఇప్పటికే ఖాళీగా ఉంటోంది.

నెల్లూరులో డిగ్రీ చదివేటప్పుడు లెక్కల మేడమ్ ఒకామె ఉండేది. ఒకట్ల వరుసల గురించి ఆమే చెప్పింది. వరుసలో ఎన్ని ఒకట్లున్నాయో ఆ లెక్కను సమానమైన గుంపులుగా విడగొట్టగలిగితే, సంఖ్య కూడా విరుగుతుంది. ఆరు ఒకట్లుంటే మూడేసి చొప్పున రెండు గుంపులు, కాబట్టి నూటపదకొండుతో తెగుతుంది. తొమ్మిదైనా అంతే. నేను చేయెత్తి, "అయితే గుంపులుగా విడిపోని లెక్కయితే సంఖ్య కూడా విరగదా మేడమ్?" అన్నాను. ఆమె బోర్డు మీద 111 రాసి, పక్కన 3 × 37 అని రాసింది. క్లాసంతా నవ్వింది. దాని కింద 11111 రాసి 41 × 271 అని రాసింది. ఏడు ఒకట్లు రాసి 239 × 4649 అంది. పదకొండు, పదమూడు, పదిహేడు, అన్నీ విరిగేవే అంది. నా మొహం చూసి జాలి కలిగిందేమో, "రెండు ఒకట్ల తర్వాత మళ్ళీ విరగనిది పంతొమ్మిదే" అంది.

"పంతొమ్మిది ఎందుకు విరగదు మేడమ్?"

"విరగదు కాబట్టి విరగదు. నమ్మకం లేకపోతే భాగించి చూసుకో."

ఆ మాట ఆమె విసుగుతో అంది. నేను దాన్ని పనిగా తీసుకున్నాను. అయితే వెంటనే కాదు. పెళ్ళయింది, ఒంగోలు వెళ్ళాను, ఆరేళ్ళ తర్వాత ఒక సూట్‌కేసు పట్టుకుని తిరిగొచ్చాను. ఎందుకొచ్చావని అడిగినవాళ్ళందరికీ ఒకటే జవాబు చెప్పాను: కుదరలేదు. అప్పటికి అమ్మ లేదు. నెల్లూరుకూ సముద్రానికీ మధ్య ఉన్న మా ఊళ్ళో, రెండు గదుల ఇంట్లో, నేనూ మా నాయనా మిగిలాం.

మాకు మాటలు ఉండేవి కావు. కోపం ఉండి కాదు, మాటకు పని లేక. పొద్దున నేను స్కూటీ మీద బడికి పోయేదాన్ని, సాయంత్రం సముద్రం గాలి తిరిగే వేళకు వచ్చేదాన్ని. అన్నం పెట్టేదాన్ని. "చారు పోయనా?" "పోయి." అంతటితో ఆ రోజు మాటలు అయిపోయేవి. ఒక్కోసారి ఆ మౌనం నాకు భరించలేనంత బరువుగా ఉండేది. గిన్నెలు కావాలనే గట్టిగా పెట్టేదాన్ని, శబ్దం కోసం.

ఒకప్పుడు మా నాయన నోరు కళ్ళాలన్నిటికీ తెలిసిన నోరు. వడ్లు కొలవడం ఆయన పని. రాశి ముందు గొంతుకూర్చుని, తూము అనే కొలత డబ్బాతో ముంచి పోస్తూ, పోసిన ప్రతిసారీ లెక్క పాడాలి. ఇరవై తూములు పోస్తే ఒక పుట్టి. మొదటి తూముకు ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అనే మాట కళ్ళంలో పలకరు, ఆరున్నొకటి అంటారు. ఇంకో తూము ముంచేదాకా పాత లెక్కనే పాడుతూ ఉండాలి, "లాభం, లాభం, లాభం... రెండు, రెండు, రెండు" అని. నోరు ఆగితే లెక్క తప్పుతుంది. నాయన లెక్క అంటే పండించినవాడికీ కొన్నవాడికీ ఇద్దరికీ సమ్మతమే. బుచ్చి నుంచి కావలి దాకా పిలిపించుకునేవాళ్ళు. ఆయన నోట లెక్క తప్పితే పెన్న వెనక్కి పారినట్టే అనేవాళ్ళు. ఆయనకు చదువు లేదు, పొలం లేదు. ఉన్నదల్లా ఆ పేరొక్కటే.

తర్వాత కాటాలు వచ్చాయి. ఆ తర్వాత కోత మిషన్లు వచ్చాయి. ఇప్పుడు వడ్లు పొలంలోంచే నేరుగా ట్రాక్టర్లో పడతాయి. కళ్ళమే లేదు. రాశి లేని చోట కొలిచే మనిషికి పనేముంది? ఆయన తూము మా ఇంట్లో నూకలు పోసుకునే డబ్బాగా పనికొచ్చింది. నాయన గొంతు దేనికీ పనికిరాలేదు.

ఒక ఆదివారం సాయంత్రం, వసారాలో కూర్చుని పాత నోటుబుక్కులో ఆ పంతొమ్మిది ఒకట్లు రాసుకున్నాను. ఏదో ఒకటి చేయకపోతే పిచ్చెక్కేలా ఉంది, అందుకు. రెండుతో భాగించడం మొదలుపెట్టాను. రెండుతో భాగించాలా, చివర ఒకటి ఉంటే చూస్తేనే తెలీదా అని మీరు అంటారు. తెలుసు. కానీ పని కావాల్సినవాళ్ళు అడ్డదారులు వెతకరు.

నాయన లోపలి నుంచి వచ్చి నిలబడ్డాడు.

"ఏంది పాపా, గొణుక్కుంటుండావు?"

"లెక్క నాయనా. ఇదుండాదే, ఇది ఎన్ని భాగాలు పెట్టినా సమానంగా రాదంట. ఎంతో కొంత మిగుల్తాదంట."

"ఎవురు చెప్పినారు?"

"చదువుకునేటప్పుడు మా మేడమ్ చెప్పింది."

"ఆమె చెప్తే సరా? నువ్వు కొలిచి చూసినావా?"

చూడలేదన్నాను. ఆయన మెల్లగా కూర్చుని నోటుబుక్కులోకి తొంగి చూశాడు. అక్షరాలు రావు కానీ ఒకట్లు ఎవరికైనా వస్తాయి, గీతలే కదా. భాగహారం ఎలా చేస్తానో చెప్పాను: ఒక్కో ఒకటిని కిందికి దించుకోవాలి, భాగించాలి, మిగిలిన దాని పక్కన ఇంకో ఒకటి దించుకోవాలి, అలా పంతొమ్మిదీ అయ్యేదాకా. ఎక్కడున్నానో మధ్యలో మర్చిపోతుంటానని కూడా చెప్పాను.

"నువ్వు దించుకో. నేను లెక్క చెప్తా" అన్నాడు.

"పంతొమ్మిది కాడ ఆపాలి నాయనా."

"పంతొమ్మిదా? ఇంకొకటి పోస్తే పుట్టి నిండిపోతాది గదా. పుట్టి నిండకుండా రాశి ముందర్నించి లేస్తే మంచిది కాదు పాపా."

"ఇది కళ్ళం కాదు నాయనా. ఇరవై ఐతే అది వేరే సంఖ్య. దాన్ని మా బళ్ళో పిల్లోళ్ళు కూడా పగలగొడతారు."

 ఒప్పుకోవడానికి కష్టపడుతున్నాడని తెలుస్తూనే ఉంది. "సరేలే. నీ రాశి, నీ ఇష్టం" అన్నాడు.

తర్వాత గొంతు సవరించుకుని, "లాభం" అన్నాడు.

చిన్నప్పుడెప్పుడో కళ్ళంలో విన్న గొంతు. వసారా అంతా నిండింది. నేను తలెత్తలేదు, ఎత్తితే కళ్ళనీళ్ళు కనపడతాయని. నేను భాగించి ముగించేదాకా ఆయన "లాభం, లాభం" అని పాడుతూనే ఉన్నాడు. నేను పెన్ను ఎత్తగానే "రెండు" అన్నాడు. పంతొమ్మిది దాకా పాడి ఆపాడు. ఒకటి మిగిలింది.

"ఎంత మిగిలింది?"

"ఒకటి."

"ఒకటి అనబాక. లాభం మిగిలింది" అన్నాడు, ఎంతో సంతోషంగా.

అలా ఆదివారానికి ఒక సంఖ్య అని పెట్టుకున్నాం. రెండు, మూడు, ఐదు, ఏడు, పదకొండు, పదమూడు. విచిత్రం ఏమిటంటే, ఆ ఆరు ఆదివారాలూ ఒకటే మిగిలింది. రెండుకూ ఐదుకూ చివరి ఒకటే కారణం, మిగతావాటికి ఇంకో కారణం ఉంది. పద్దెనిమిది ఒకట్ల వరుస మహా మెతక సంఖ్య. మూడుతో తెగుతుంది, ఏడుతో, పదకొండుతో, పదమూడుతో, పంతొమ్మిదితో, ముప్ఫై ఏడుతో తెగుతుంది. దాని వెనక పంతొమ్మిదో ఒకటి వచ్చి నిలబడేసరికి, పద్దెనిమిదీ తెగిపోయి ఆ చివరిదొక్కటే మిగిలిపోతుంది. నాయనకు ఇవేవీ చెప్పలేదు. ఆయన దృష్టిలో అది మంచి రాశి, ఎలా పంచినా లాభం మిగిల్చే రాశి. పదిహేడు దగ్గర తొమ్మిది మిగిలితే ఆయన మొహం వాడిపోయింది. పంతొమ్మిదితో మళ్ళీ ఒకటి మిగిలింది. "చూసినావా" అన్నాడు. ముప్ఫై ఏడు దగ్గర ఇంకోసారి వచ్చింది. ఆ తర్వాత రాలేదు. ఆ తర్వాత మళ్ళీ అలా మిగల్చేది యాభై రెండు వేల పైన ఎక్కడో ఉందని నాకు చాలా కాలానికి తెలిసింది.

ఇది ఎప్పటికి తెములుతుందని ఒకరోజు అడిగాడు. లెక్కేసి చెప్పాను. విరగని సంఖ్యలన్నిటితోనూ వరసగా, నూట ఐదు కోట్లు దాటేదాకా భాగించి చూడాలి. ఆదివారానికి ఒకటి చొప్పున పది లక్షల ఏళ్ళు పడుతుంది.

"ఐతే మనకు పని దండిగా ఉండాది" అన్నాడు.

ఆ ఏడాదిలో నేను నవ్వింది ఆ మాటకే. ఆదివారం కోసం ఎదురుచూడడం నాకు అప్పుడే అలవాటైంది. మిగతా ఆరు రోజులూ మేం పాత మనుషులమే, చారు పోయనా, పోయి. ఆదివారం సాయంత్రం మాత్రం ఆ ఇంట్లో ఇద్దరు మనుషులు ఉండేవాళ్ళు. పంతొమ్మిది అనగానే నాయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచి బయటికి వెళ్ళేవాడు. చుట్ట కాల్చుకోవడానికని అనుకునేదాన్ని. నేను చివరి భాగహారం ముగించి, మిగిలింది రాసి, కింద గీత గీసేసరికి తిరిగొచ్చి "ఎంత మిగిలింది?" అనేవాడు. ఆ రోజుల్లోనే నూకల తూము తొందరగా ఖాళీ అవుతుంటే, ఎలకలని బోను కూడా పెట్టాను. ఒక్క ఎలకా పడలేదు.

యాభై ఎనిమిదో ఆదివారం కార్తీకంలో పడింది. తుఫాను వాన. వసారాలో జల్లు కొడుతోందని లోపల గదిలో కూర్చున్నాం, తలుపు వేసుకుని. ఆ రోజు వంతు రెండు వందల డెబ్బై ఒకటిది. నాయన వాన చప్పుడు మీద గొంతు పెంచి పాడుతున్నాడు. ఐదో ఒకటి దించుకునేసరికి సున్నా వచ్చింది. మధ్యలో సున్నా వస్తే ఏమీ కాదు, చివర్న రాకూడదు. కానీ పదో దగ్గర మళ్ళీ సున్నా వచ్చింది. పదిహేనో దగ్గర మళ్ళీ.  అప్పటికి ఆ సంఖ్య విరగకపోవడం నాకు ఎంత ముఖ్యమైపోయిందో ఆ నిమిషంలో తెలిసింది. చుట్టూ అన్నీ విరిగాయి. ఇదొక్కటి విరగదని ఎవరో ఒకరు నాకు మాటిచ్చారు. తల వంచుకుని, పెన్ను గట్టిగా పట్టుకుని దించుకుంటూ పోయాను. ఎక్కడి నుంచో తడి గాలి తగిలి కాగితం లేచింది. ఎడమ చేత్తో అదిమి పట్టుకున్నాను. అప్పుడే నాయన గొంతు "ఇరవై" అంది. అప్పటికి ఇరవై ఏడు మిగిలి ఉంది. దాని పక్కన ఒకటి దించాను. రెండు వందల డెబ్బై ఒకటి. సరిగ్గా తెగింది. సున్నా.

"ఎంత మిగిలింది పాపా?"

"ఏం మిగల్లేదు" అన్నాను. 

 మేడమ్ అబద్ధం చెప్పిందా? అప్పుడు భాగఫలం కంటపడింది. 41000410004100041. నలభై ఒకటి నాలుగుసార్లు. 41, 271. బోర్డు మీద ఐదు ఒకట్ల పక్కన మేడమ్ రాసిన జంట. ఐదు ఒకట్ల గుంపులు నాలుగు. నాలుగైదులు ఇరవై. వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టాను. ఇరవై ఒకట్లు దించాను.

"ఇరవై దాకా చెప్పినావు నాయనా!" అని అరిచాను. "పంతొమ్మిది కాడ ఆపమని ఎన్నిసార్లు చెప్పినా? ఏడాది చేసిన పనికి ఇట్టా మట్టి కొడ్తావా?"

ఆయన తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. భుజం తడిసి ఉంది. అది చూశాను కానీ దాని గురించి ఆలోచించలేదు.

"ఇరవై అని నీకు ఇనపడిందా?" అన్నాడు.

"ఇనపడబట్టే గదా దించుకున్నా! లెక్క తప్పని మనిషంట. కళ్ళాల్లో ఇంకెంతమంది వడ్లు ఇట్టా తప్పు కొలిచినావో ఎవురికి తెలుసు!"

కోపంలో నాకు ఎక్కడ కొట్టాలో బాగా తెలుస్తుంది. అది నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు.  ఆయన వచ్చి నెమ్మదిగా మంచం మీద కూర్చున్నాడు. తువ్వాలుతో భుజం తుడుచుకుంటూ, "అట్టయితే తప్పు నాదే" అన్నాడు. నేను ఆ పేజీ కింద ఎర్ర పెన్నుతో రాశాను: నాయన ఒకటి ఎక్కువ చెప్పాడు. లెక్క చెల్లదు.

మరుసటి ఆదివారం నోటుబుక్కు తెచ్చి కూర్చున్నాను. "రా నాయనా" అన్నాను, ఏమీ జరగనట్టు. ఆయన తువ్వాలు భుజాన వేసుకుంటూ, "గొంతు లేదు పాపా. నువ్వే చెప్పుకో" అన్నాడు. ఆ తర్వాతి వారం అడిగాను. అదే మాట. మూడోసారి అడగలేదు. తప్పు చేసింది ఆయన, అలిగేది కూడా ఆయనేనా అని నాకు ఉక్రోషం. సరైన లెక్క చేతిలో ఉందనుకునేవాళ్ళకు క్షమాపణ అడగాలని తోచదు. ఇంట్లో మళ్ళీ గిన్నెల చప్పుడే మిగిలింది.

మాఘంలో నాయన పోయాడు. మూడు రోజుల జ్వరం, అంతే. మూడో రోజు పొద్దున మంచినీళ్ళు అడిగాడు. గ్లాసు తెచ్చేలోపు నిద్రపోయాడనుకున్నాను. కళ్ళాల్లో ఆయనతో పనిచేసిన ముసలాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చారు. వాళ్ళల్లో ఒకాయన నా తల మీద చెయ్యి పెట్టి, "ఒక్క తూము తేడా రానియ్యలేదమ్మా మీ నాయన, ఏనాడూ" అన్నాడు. నాకు మాత్రం ఆ ఎర్ర అక్షరాలు కళ్ళ ముందు కదిలాయి. తలొంచుకున్నాను.

తర్వాత కొన్నాళ్ళకు, బడి లైబ్రరీలో అట్టలు ఊడిపోయిన పుస్తకం ఒకటి తిరగేస్తుంటే ఒక సూత్రం కనపడింది. పంతొమ్మిది ఒకట్లను తెంచగల సంఖ్య ఏదైనా ఉంటే, దాన్ని ముప్ఫై ఎనిమిదితో భాగించినప్పుడు ఒకటి మిగలాలట. లేకపోతే దానితో ప్రయత్నించనే అక్కర్లేదు. ఇంటికొచ్చి మా నోటుబుక్కు మొత్తం సరిచూశాను. మేం కూర్చున్న యాభై ఎనిమిది ఆదివారాల్లో నిజంగా అవసరమైనవి రెండు: నూట తొంభై ఒకటి, రెండు వందల ఇరవై తొమ్మిది. మిగతావన్నీ దండగ. రెండు వందల డెబ్బై ఒకటితో అసలు పనే లేదు. ఆ సూత్రం ముందే తెలిసి ఉంటే, ఆ వాన సాయంత్రం మేం పప్పుచెక్కలు తింటూ కూర్చునేవాళ్ళం. అది తలుచుకుని ఏడ్చాను. ఆ దండగ ఆదివారాలే మళ్ళీ కావాలనిపించింది.

ఎండాకాలం మొదట్లో, పక్కింటి అక్క గోడ అవతల నుంచి పిలిచింది. ఆమె ఒంటరి మనిషి, కోళ్ళు పెంచుకుంటుంది, ఆదివారాలు రెండు పూటలా చర్చికి పోతుంది.

"ఏం మే, మీ ఇంట్లో నూకలు ఐపోయినాయా? మా కోళ్ళు ఆదివారం వచ్చిందంటే మీ గోడ కాడికొచ్చి నిలబడుకోనుంటాయి."

"నూకలేంది అక్కా?"

"మీ నాయన పోసేవాడు గదా. నేను సాయంత్రం ప్రార్థన నుంచి వచ్చే టయానికి సరిగ్గా బయటికొచ్చేవాడు. గుప్పెడు నూకలు గోడ మీద పోసి ఇరవై అనేవాడు. పిచ్చుకలకంట. పిచ్చుకలు యాడుండాయి, మా కోళ్ళే తినేవి."

నేను గోడకు దగ్గరగా వెళ్ళాను.

"ఇరవై అనేవాడా?"

"ప్రతి ఆదివారమూ. ఏందన్నా అది అని ఒకనాడు అడిగినా. మా పాప లెక్క పంతొమ్మిదికే ఆపేస్తాది, పుట్టి నిండకుండా ఇంట్లో పెట్టుకుంటే పాపకు మంచిది కాదు, అందుకని బయటికొచ్చి నింపిపోతా అనినాడు. పాపకు చెప్పబాకు, కోప్పడతాది అని కూడా అనినాడు."

వాన పడిన ఆదివారం గుర్తుందా అక్కా అని అడిగాను. 

"కార్తీకంలో గదా? గొడుగేసుకోని వస్తుండా. మీ తలుపు కొంచెం తీసి, గడప లోపల్నించే నూకలు విసిరినాడు ఆ పొద్దు. సగం తడిసినాడు. లోపలికి పో అన్నా, జలుబు చేస్తాదని నేనే అరిచినా."

తలుపు తీశాడు కాబట్టే తడి గాలి వచ్చింది. కాగితం లేచింది. పంతొమ్మిది దగ్గర ఆయన ఆపేశాడు. నేను తలెత్తకుండా భాగించుకుంటుంటే, లేచి గడప దగ్గరికి వెళ్ళి, ఎప్పుడూ బయట అనే మాటను వానకు భయపడి లోపల నిలబడి అన్నాడు. అది నాకు చెప్పిన లెక్క కాదు. వాన లేకపోయుంటే నాకు వినపడేది కాదు. తల ఎత్తి ఒక్కసారి ఆయన ఎక్కడున్నాడో చూసి ఉంటే దించుకునేదాన్నే కాదు. ఇరవై అని నీకు ఇనపడిందా అని ఆయన అడిగింది అందుకు. ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్తే, ఏడాదిగా నాకు తెలియకుండా నా లెక్కకు ఒకటి కలుపుతున్నానని ఒప్పుకోవాలి. దానికంటే లెక్క తప్పిన మనిషి అనిపించుకోవడమే ఆయనకు తేలికనిపించింది. జీవితాంతం నిలబెట్టుకున్న పేరును, నేను కోప్పడతానని, నా చేతుల్లోనే వదిలేశాడు.

లోపలికి వచ్చి నోటుబుక్కు తీశాను. యాభై ఎనిమిదో పేజీలో ఎర్ర అక్షరాలను కొట్టేశాను. చివరి ఒకటినీ, దాని కింది సున్నానూ కొట్టేసి, శేషం దగ్గర 27 అని రాశాను. మిగతా పేజీల్లాగే కింద గీత గీశాను. తర్వాత తూములోంచి గుప్పెడు నూకలు తీసుకుని బయటికి వెళ్ళాను. సముద్రం గాలి అప్పుడే తిరిగింది. గోడ మీద నూకలు పోసి, "ఇరవై" అన్నాను. ఆ మాట అనడం నాకు చేతకాలేదు. బడిలో హాజరు పిలిచినట్టు వచ్చింది. కోళ్ళు మాత్రం వచ్చాయి.

ఇప్పటికీ ఆదివారానికి ఒకటి చేస్తాను. సూత్రం తెలిసినా పాటించను, ఏ సంఖ్యనూ వదలను. లాభం దగ్గర మొదలుపెట్టి పంతొమ్మిది దాకా నేనే చెప్పుకుంటాను, నేనే దించుకుంటాను, చివర్న బయటికి వెళ్ళి పుట్టి నింపి వస్తాను. తిరిగొచ్చి కూర్చున్నాక, ఎంత మిగిలిందని ఎవరైనా అడుగుతారేమోనని కాసేపు ఆగుతాను. ఆ యాభై ఎనిమిది ఆదివారాల్లో మా నాయన లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు. ఈ మాట చెప్పాల్సిన మనిషి ఒక్కడే. ఆయన కూర్చునే చోట ఇప్పుడు నూకల తూము పెట్టుకున్నాను.